ఎడంచేతి బీడీలు

మా బాపు ఎల్లారెడ్డి గ్రంథాలయంలో ఊడ్చే పని చేసేవాడు. చదువు రాదు. ఒక ఏడు చెదలు పట్టిన పుస్తకాలన్నీ కుప్ప పోసి తూకానికి వేస్తుంటే, అక్కడి సారును అడిగి ఒకటి తీసుకున్నాడు. చేతిసంచిలో వంకాయల మీద పెట్టుకొని, కామారెడ్డి బస్సెక్కి నా దగ్గరకు వచ్చాడు. దానికి అట్ట లేదు. ముందు పేజీలు కొన్ని లేవు. మిగిలినవాటి అంచులు చెదలు కొరికాయి.

"అన్నిట్ల గిదే ఎందుకు తెచ్చినవు బాపూ?" అని అడిగాను.

"లావున్నది బిడ్డా. నీకు చానా దినాలొస్తది" అన్నాడు.

సంతలో గుమ్మడికాయను ఎంచినట్టు ఎంచాడు మా బాపు. ఆ తర్వాత చదువుకున్నవాళ్లు ఎందరో నాకు పుస్తకాలు ఇచ్చారు గానీ, ఏదీ అన్ని దినాలు రాలేదు.

అట్ట లేనందువల్ల రాసినాయన పేరు నాకిప్పటికీ తెలియదు. జర్మనీ దేశంవాడని, ఇనుము కరిగించి పోత పోసే కార్ఖానాలో కూలి అని, ఆ కూలి చేస్తూనే పుస్తకాలు రాశాడని మాత్రం లోపల ఉంది. తెలుగులోకి మార్చినవాళ్ల పేరు కూడా ఆ పోయిన పేజీలతోనే పోయింది. ఎవరైనా గుర్తుపడతారేమోనని ఒకసారి కాలేజీ సారుకు చూపించాను. ఆయన రెండు పేజీలు తిప్పి, "మంచి పుస్తకమేనమ్మా" అన్నాడు. మంచిదని నాకూ తెలుసు. నేనడిగింది అది కాదు.

నేను బీడీలు చేస్తాను. పదో తరగతి పాసైన మరుసటి ఏడే కామారెడ్డికి కోడలిగా వచ్చాను. వచ్చిన వారానికే ఒళ్లో బీడీల చాట పెట్టారు. ఈ మధ్య కొందరు నన్ను రచయిత్రి అంటున్నారు. అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి, ఇంకెవరినైనా అంటున్నారేమో చూడాలనిపిస్తుంది. చిన్న పత్రికల్లో నాలుగు కథలు వచ్చాయి, అంతే.

మా గల్లీ రైలు గేటు అవతల ఉంది. అక్కడ ఫూఫీ ఇంటి వసారాకు మంచి నీడ. ఎండ పడదు కాబట్టి తడిపిన తునికాకు తొందరగా ఎండిపోదు. ఫూఫీ అంటే మేనత్త. ఆమె మాకెవరికీ మేనత్త కాదు. వాళ్లన్న పిల్లలు అలా పిలిస్తే గల్లీ అంతా అదే పట్టుకుంది. భర్త లేడు, కొడుకు దుబాయిలో టైల్స్ పని చేస్తాడు. మధ్యాహ్నం అన్నాలు కాగానే నలుగురం ఆ వసారాలో చేరేవాళ్లం. ఫూఫీ, మా బావగారి భార్య అయిన మా యారాలు, నేను, అవ్వ.

అవ్వ మాకు చుట్టం కాదు. మాచారెడ్డి దిక్కు ఊరి నుంచి వచ్చి మా గల్లీలో కొడుకు దగ్గర ఉండేది. మా నలుగురిలో పెద్దది, అందరికన్నా చెయ్యి చురుకైనది. ఎడంచేతి వాటం. చిన్నప్పుడు ఎడంచేత్తో తింటోందని వాళ్లమ్మ కొట్టి కొట్టి కుడిచేతికి మార్చిందట. అన్నం మారింది గానీ బీడీ మారలేదు. ఆమె ఆకును మేము చుట్టే వైపుకు కాకుండా ఎదురు వైపుకు చుట్టేది. మా బీడీల అంచు ఒక పక్కకు వస్తే, ఆమె బీడీల అంచు రెండో పక్కకు వచ్చేది.

"అవ్వ బీడీ తాగినోడు ఇంటికి ఉల్టా నడుస్తడు" అని మా యారాలు ఎగతాళి చేసేది.

"నీ మొగడు తాగుతడు గదనే. నడుస్తుండా?" అనేది అవ్వ.

మధ్యాహ్నం పూట సీరియళ్లు ఉండవు. ఫోన్ పట్టుకుంటే తంబాకు చేతులకు అద్దం మసకబారుతుంది. ఒకరోజు ఊరికే ఉండలేక, ముందు రోజు పుస్తకంలో చదివింది వాళ్లకు చెప్పాను. అవ్వ కాసేపు విని, "గట్ల జెప్పుడు గాదు. సదువు" అంది. చాట పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాను.

ఆ జర్మనీ ఆయన తల్లి ఊరివాళ్ల బట్టలు ఉతికేది. చలికాలపు నీళ్లకు ఆమె వేళ్లు పగిలిపోయేవి. కొడుకు తలకు నూనె రాస్తుంటే వాడి వెంట్రుకలు ఆ పగుళ్లలో చిక్కుకునేవట. అక్కడికి రాగానే ముగ్గురూ చేతులాపి, ఎవరి వేళ్లు వాళ్లు చూసుకున్నారు.

"గామె మన గల్లీలనే ఉన్నట్టున్నది" అంది ఫూఫీ.

తండ్రి కార్ఖానా పొగకు దగ్గి దగ్గి పోయాడు. ఈయనా అదే కార్ఖానాలో చేరాడు. పని నుంచి వచ్చాక వంటగదిలో, ఆరేసిన బట్టల కింద కూర్చొని, కార్ఖానా పాత కాగితాల వెనకపక్క రాసేవాడు. పైనుంచి బట్టల నీళ్లు కారి అక్షరాలు అలుక్కుపోయేవి. మరునాడు మళ్లీ రాసేవాడు.

"ఆయనకు పెండ్లాం లేదా?" అని మా యారాలు అడిగింది.

"వస్తదక్కా, ఆగు."

"వచ్చినంక రాసుడు బందైతది, జూడు."

మా వసారాలో ఆయనకు జర్మనన్న అని పేరు పడింది. రాగానే చాటలు దించుతూ, "ఇయ్యాల జర్మనన్న ఏం జేసిండో జూడు" అనేవాళ్లు. ఆయనకు జ్వరమొస్తే ఫూఫీ దువా చేసింది. నూరేళ్ల కిందటి జ్వరం ఫూఫీ అది అని నేను చెప్పలేదు. నాక్కూడా తగ్గితే బాగుండుననే ఉంది.

కానీ చదువుతుంటే నా చేతులు ఆగిపోతాయి. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. అంతా రెండు చేతుల పనే. బీడీ కార్ఖానా మాకిచ్చే కూలి కార్డు నిలవాలంటే ఇన్ని బీడీలు ఇవ్వాలని ఉంటుంది. నావి తగ్గసాగాయి. ఇక మధ్యాహ్నాలు చదవలేనని చెబుదామనుకుంటున్న రోజుల్లోనే ఆ అధ్యాయం వచ్చింది.

కార్ఖానాలో జర్మనన్నకు చదువు వచ్చు, తోటివాళ్లలో చాలామందికి రాదు. పని మధ్యలో ఆయన వాళ్లకు పేపరు చదివి వినిపించేవాడు. ఆ గంటసేపు ఆయన పోయాల్సిన పోతలు వాళ్లు పంచుకొని పోసేవాళ్లు. వాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు, ఒంటికన్ను మనిషి. తనకే చేతకాక తూలుతూ, అందరికన్నా ఎక్కువ ఆయనే పోసేవాడట.

అవ్వ చేతిలో బీడీ చేతిలోనే ఉండిపోయింది. "మనం గట్ల జేస్తే ఏమైతది?" అంది. "నీ చాట్ల తలా ఇన్ని ఏస్తం. నువ్వు సదువు."

ఫూఫీ, మా యారాలు వెంటనే సరే అన్నారు. నేను మొహమాటానికి వద్దని, లోపల ఎగిరి గంతేశాను.

మా తప్పు ఇక్కడ ఉంది. ఆ కార్ఖానాలో ఇనుమును తూకం వేసేవాళ్లు. గడ్డకట్టిన ఇనుమును చూసి ఎవరు పోశారో ఎవరూ చెప్పలేరు. బీడీని చూస్తే చెప్పొచ్చు. మూతి మడిచే తీరు, దారం ముడి వేసే తీరు ఒక్కొక్కరిది ఒక్కొక్క రకం. ఏళ్లకేళ్లు ఆ పనిలోనే ఉన్న నలుగురు ఆడవాళ్లకు ఆ సంగతి తెలియదా అంటే, బాగా తెలుసు. పుస్తకంలో రాసి ఉంది కదా అని మరిచిపోయాం. పుస్తకం మీద మాకు అంత గురి.

ఆ చలికాలం హాయిగా గడిచింది. రోజూ గంట, ఒక్కోసారి గంటన్నర చదివేదాన్ని. చదవడం ఆపి చూస్తే నా చాటలో బీడీలు పోగుపడి ఉండేవి. అందులో సగం అవ్వవే. వద్దన్నా వినేది కాదు. "గా ముసలాయన సంగతి మల్ల వస్తదా?" అని మాత్రం అడిగేది. రాలేదు. ముందు వస్తుందేమోలే అనేదాన్ని. పెళ్లయినప్పటి నుంచీ అంత సంతోషం నేనెరగను. ఇంటికొచ్చాక నేనూ కార్ఖానా లేబుల్ కాగితాల వెనక నాలుగు ముక్కలు రాయడం ఆ నెలల్లోనే మొదలుపెట్టాను.

కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే చెకర్ పాతకాలపు మనిషి. నా కట్టల్లో మూడు నాలుగు చేతులున్నాయని ఆయనకు తెలియకుండా ఉండదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎండలు మొదలయ్యే వేళకు ఆయన మానేసి కొత్తాయన వచ్చాడు. బీడీలు తాగేవాళ్లు తగ్గారు, కార్డులు తగ్గించాలి అని పైనుంచి అప్పటికే మాట ఉంది.

ఒకరోజు పొద్దున కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరుసలో నా వెనక అవ్వ నిలబడి ఉంది. కొత్తాయన నా కట్ట ఒకటి విప్పి, బీడీలను వేళ్ల మధ్య దొర్లించాడు. ఇంకో కట్ట విప్పాడు.

"అక్కా, నీకు రెండు చేతులా, నాలుగు చేతులా?" అన్నాడు.

వరుసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఒక బీడీ తీసి పైకెత్తాడు. "గిది ఎడంచెయ్యి. ఎవలిది?"

ఆ కార్ఖానా మొత్తానికి ఎడంచేతి మనిషి ఒక్కతే. అందరూ అవ్వ దిక్కే చూశారు. చూడకపోతే బాగుండేది.

"సారూ, ఊకనే ఇచ్చింది. నేను వాళ్లకు పుస్తకం సదువుతున్న, గందుకు" అన్నాను.

"ఏం పుస్తకం?"

"జర్మనీ ఆయనది."

"బీడీలల్ల జర్మనీ ఏందక్కా?" అన్నాడు. ఆయన అరవలేదు, తిట్టలేదు. చెడ్డవాడని కూడా చెప్పలేను. "కార్డు ఒకలది, చెయ్యి ఒకలది అయితే అది దొంగ కార్డు లెక్కనే. రెండు కార్డులూ తీస్కోవాలె నిజంగ. ఒక్కటే తీస్కుంట. ఏది ఇస్తరో మీరే జెప్పుండ్రి."

కార్డు పోతే ఆకు ఇవ్వరు. దవాఖానలో మందుల చీటీ ఉండదు, రేపు ముసలితనంలో పింఛన్ ఉండదు. మా ఆయనకు రైస్‌మిల్లులో బస్తా మీద పడి నడుము పోయిన ఏడు అది. ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ క్షణాన ఇవన్నీ నేను తలుచుకున్నానా అంటే, లేదు. తల వంచుకొని నిలబడ్డాను. నోరు పెగల్లేదు అని రాయబోయి కొట్టేశాను. నోరు బాగానే ఉంది. నేనే తెరవలేదు.

అవ్వ రొండిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. అందులో కార్డు, దేవుడి కుంకుమ పొట్లం ఉన్నాయి. పొట్లం తీసుకొని, కార్డు బల్ల మీద పెట్టింది.

"గిది తీస్కో బిడ్డా. అది సదువుకునే పిల్ల" అంది.

అప్పటికి నాకు నలభై దాటాయి.

ఆ తర్వాత చేయాల్సినవన్నీ చేశాం. చేసినకొద్దీ ఏమీ చేయలేమని తెలిసింది. యూనియన్ అన్న దగ్గరకు పోతే, "అవ్వ తనంతల తనే ఇచ్చిందంటిరి గదా, నేనేమని కొట్లాడాలె?" అన్నాడు. లేబర్ ఆఫీసుకు పోతే కార్ఖానా నుంచి కాగితం తెమ్మన్నారు. కార్ఖానాకు పోతే ఆఫీసు చెబితేనే కాగితం ఇస్తామన్నారు. ఆ రెండింటి మధ్య నేనూ ఫూఫీ నెలరోజులు తిరిగాం. చివరికి కొత్త చెకర్ దగ్గరకు ఒక్కదాన్నే పోయి, "అవ్వ కార్డు ఇచ్చేసి నాది తీస్కో సారూ" అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు చూశాడు.

"రిజిస్టర్ల ఎక్కిందక్కా. నా చేతుల లేదు. ఆనాడే జెప్తే అయిపోతుండె" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక గేటు దాకా వచ్చి, అక్కడ పడుకున్న కుక్కను తిట్టాను.

కార్డు పోయిన మూడో రోజే అవ్వ వసారాకు వచ్చింది. చాట లేదు. ఖాళీ ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చుంది. నేను తలెత్తలేకపోయాను. పుస్తకం ఇంట్లోనే పెట్టి వచ్చాను.

"పుస్తకమేది? తే. ముసలాయన ఎటు పాయెనో జూడు" అంది.

తెచ్చి చదివాను. ఈసారి నా చాట ఖాళీగానే ఉంది, గంటకు బదులు పావుగంటే చదివాను. చదువుతూ మధ్యలో చూస్తే అవ్వ వేళ్లు ఒళ్లో కదులుతున్నాయి. ఎడంచేతి బొటనవేలు గాలిలో ఆకును చుట్టుకుంటూ పోతోంది. ఆమెకు తెలిసి చేస్తున్నది కాదు. ఒకరోజు ఉండబట్టలేక ఫూఫీ చాటలోంచి ఒక ఆకు తీసుకుంది. ఫూఫీ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దవ్వా. నీ చెయ్యి గుర్తు పడ్తరు."

అవ్వ ఆకును చాటలోనే పెట్టేసింది. ఫూఫీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు. ఊరికే కూర్చోవడానికి కూడా వీలు లేని చేతులను నేను అప్పుడే చూశాను.

వానలు పడేముందు పుస్తకం అయిపోయింది. జర్మనన్న పుస్తకాలు అచ్చయ్యాయి. కార్ఖానా మానేశాడు. పెద్ద పట్నానికి పోయాడు, సభల్లో మాట్లాడాడు. చివరికి తల్లి ఉన్న ఇంటికి ఒకసారి తిరిగొచ్చి, ఆమె బట్టలుతికిన తొట్టి పక్కన నిలబడతాడు. అక్కడితో సరి.

"ముసలాయన?" అంది అవ్వ.

"లేడవ్వా."

"ఏం రాయలే?"

"రాయలేదు."

"చెదలు తిన్నదేమో."

"ఆఖరి పేజీలు మంచిగనే ఉన్నయవ్వా."

ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సింది. ముసలాయన కొడుకు పెళ్లికి జర్మనన్న పోయాడనో, ఆయన కంటికి మందు ఇప్పించాడనో. ఆ తర్వాత కథలు అల్లినదాన్ని, ఆ పూట అంత చిన్న అబద్ధం నాకు తోచలేదు. అవ్వ తల ఊపింది. "ఇంత సదివితిమి" అంది. గోడ పట్టుకొని లేచి వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం ఉందా అని నేను ఇప్పటికీ వెతుకుతుంటాను. కోపముంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మరుసటి ఏడు అవ్వ కూతురి దగ్గరుంటానని మాచారెడ్డి పోయింది. దగ్గు ఎక్కువైందని తెలిసింది. నేను ఒకసారి పోయి చూశాను. నన్ను గుర్తుపట్టి నవ్వింది, కానీ మాట్లాడే ఊపిరి లేదు. ఆ దసరా ముందు పోయింది.

ఇదంతా రాయాలని చాలా ఏళ్లు అనుకొని, ఈ మధ్యనే రాశాను. మొదట పేర్లతో రాశాను. అవ్వ పేరు మొదటి వాక్యంలోనే పెట్టాను. ముసలాయనను వదిలేసి జర్మనన్న చేసిన తప్పు నేను చేయకూడదనుకున్నాను. రాసింది వసారాలో చదివి వినిపించాను. ఫూఫీ విని కళ్లు తుడుచుకొని, "నా పేరు తీసెయ్ బేటీ. ఉన్న ఒక్క కార్డు పోతది" అంది. మా యారాలిది కూడా తీశాను. అవ్వ కోడలికి అదే కార్ఖానాలో కార్డు ఉంది. సంగతి తెలిసి ఆమె మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "మా అత్త పేరు వద్దక్కా. ఇంకా కార్డులు తక్వ జేస్తరంట. సాకు కోసం జూస్తున్రు" అంది. కూర్చోమంటే కూర్చోలేదు. అవ్వ పేరూ తీశాను.

జర్మనన్న మీద నాకు ఇన్నేళ్లు కోపం ఉండేది. పేరు తెలియని మనిషి మీద కోపం పెట్టుకోవడం కష్టం, అయినా పెట్టుకున్నాను. ఇప్పుడు వేరే అనుమానం వస్తోంది. ఆ ముసలాయన కోడలు కూడా ఒకరోజు వచ్చి జర్మనన్న గుమ్మంలో నిలబడిందేమో. మరిచిపోయి రాయలేదో, అడిగితే తీసేశాడో ఇక తెలిసే దారి లేదు.

పేర్లన్నీ తీసేశాక మా యారాలు మళ్లీ చదివించుకుంది. అంతా విని, "ఎడంచెయ్యి అని ఉంచినవు. అది పేరు రాసినట్టే గదనే" అంది.

"ఏమని రాయాలె అక్కా?"

"కుడిచెయ్యి అని రాయి. ఎవలొచ్చి జూస్తరు?"

కొట్టేసి రాసి చూశాను. అవ్వది కుడిచెయ్యే అయితే చెకర్‌కు దొరికేది కాదు. ఆమె కార్డు ఆమె రొండిలోనే ఉండేది. రాయడానికి నాకేమీ మిగల్లేదు. రెండు రోజులు ఆ కాగితం ముందు కూర్చొని, మళ్లీ ఎడమ అనే రాశాను. అవ్వ కోడలికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున కార్ఖానా వరుసలో ఆమె నా వెనకే నిలబడుతుంది.